వాహనము దిగినవాడు



మన సంఘములలో ఒక అలవాటు కలదు. ఎవరైన క్రొత్త బండి కొన్నప్పుడు దానిని షోరూము నుండి తిన్నగా పాస్టరు ఇంటికి తెచ్చెదరు. హేండిలుకు రిబ్బను కట్టియుండును, సీటు మీది ప్లాస్టిక్ కాగితమైనను ఊడదీసియుండరు. భార్యాబిడ్డలు చుట్టు నిలువబడుదురు. తాళపు చెవిని నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ప్రార్థన చేయండి" అందురు. నేనును బండి మీద చేయి ఉంచి, దీనిని నడుపువారికి ఏ అపాయము రాకుండునట్లు, వీరి రాకపోకలలో దేవదూతలు కావలియుండునట్లు ప్రార్థించెడివాడను. ఇరువది అయిదేండ్లు ఆ విధముగానే ప్రార్థించితిని. ఆ ప్రార్థనలో తప్పు లేదు. అయితే అది సగము ప్రార్థనయే అని నాకు తెలియుటకు ఒక రాత్రి పట్టెను. ఆ రాత్రి సంగతి చెప్పక మునుపు వాక్యములోనికి పోవుదము.

లూకా సువార్త 10వ అధ్యాయములోని మంచి సమరయుని కథను సండేస్కూలు పిల్లవాడు సయితము తడుముకొనక చెప్పగలడు. దొంగల చేతికి చిక్కినవాడు, చూచియు ప్రక్కగా పోయిన యాజకుడు, అట్లే పోయిన లేవీయుడు, జాలిపడిన సమరయుడు, అందరును మనకు తెలిసినవారే. యెరూషలేము నుండి యెరికోకు పోవు ఆ దారి సుమారు 27 కిలోమీటర్ల పొడవున, వెయ్యి మీటర్ల లోతునకు దిగు రాళ్ళ దారి. ఆ దారిలో సమరయునికి ఒక వాహనము ఉండెను. గాడిదయో, కంచర గాడిదయో, ఏదో ఒక పశువు. గ్రీకు మూలములో అక్కడ క్టేనోస్ అను మాట ఉన్నది. సంపాదించుకొన్న ఆస్తి అను భావముతో ఆ మాటకు చుట్టరికము కలదు. అది అతని సొంత పశువు అని కూడ లూకా వ్రాసెను. అతడు గాయపడినవానిని దానిమీద ఎక్కించెను. ఎక్కించినప్పుడు తానెక్కడ ఉండెను? నేల మీద ఉండెను. ఆ పశువు మీద వచ్చినవాడు దిగెను. దిగి, దాని త్రాడు పట్టుకొని, సత్రము వరకు నడిచియుండును.

ప్రియులారా, ఈ నెల నేను మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న ఇది. దేవుడు మనకు వాహనములను దయచేసెను. మనము ఎక్కుట నేర్చుకొంటిమి. దిగుట నేర్చుకొంటిమా?

మన తాతల కాలములో ముదిగొండ నుండి ఖమ్మము పోవుటయే ఒక ప్రయాణము. చద్ది మూట కట్టుకొని, బండి ఇరుసుకు కందెన పూసి, కోడి కూయక మునుపే బయలుదేరెడివారు. 1912లో ఆంగ్లికను సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు తమ దోర్నకల్ అధ్యక్ష మండలములోని పల్లెలను ఎద్దుబండి మీద తిరిగినవారు. నిజాము ప్రభుత్వమువారు 1932 జూన్ నెలలో రోడ్డు రవాణా ప్రారంభించినప్పుడు వారికి ఉన్న బస్సులు 27 మాత్రమే. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఎర్ర బస్సు మన ఊరి పొలిమేరకు వచ్చుటయే ఆ దినములలో ఒక పండుగ. నేడు తెలంగాణములో ఆడబిడ్డ టిక్కెట్టు డబ్బులు లేకయే బస్సెక్కి పోగలదు. 2023 డిసెంబరు 9 నుండి ఆ సౌకర్యము కలిగెను. ఇంటింట మోటారు సైకిలు, వీధికొక ఆటో, మోతుబరికి ట్రాక్టరు, కొందరికి కారు. దినములో మనము బైబిలు తెరచు సమయము కంటె బండి మీద గడుపు సమయము ఎక్కువ. కావున బండిని గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట తగని పని కాదు.

ఎద్దుబండి దినములే మేలైనవని నేను చెప్పను. ఆ దినములను పొగడువారు వాటి కన్నీటిని మరచినవారు. పాము కరచినవాడు బండిలోనే కన్ను మూసెను. కాన్పు కష్టమైన తల్లి దారిలోనే బిడ్డతో కూడ వెళ్ళిపోయెను. భద్రాచలము ఏజెన్సీ అడవులలో రోడ్డు లేని కోయ గుంపుల నుండి నిండు చూలాలిని డోలీ కట్టి, వాగులు దాటించి, మోసికొని వచ్చుట నేటికిని వినుచున్నాము. ఆ భుజములను అడిగి చూడుడు, వాహనము దేవుని వరమో కాదో అవి చెప్పును. 2005 ఆగస్టు 15న మన తెలుగు నేలమీద 108 అంబులెన్సులు మొదలైన తరువాత ఎన్ని ప్రాణములు నిలిచెనో మనమందరమును ఎరుగుదుము. కావున చక్రములను నిందించుటకు నేను కలము పట్టలేదు.

అయితే వరము వచ్చిన చోట లెక్క కూడ వచ్చును. ఈ సంగతిని నిదానముగా ఆలోచించుడి. ఎద్దుబండి తప్ప మరియొకటి లేని ఊరిలో కాన్పు కష్టమై తల్లి చనిపోయినయెడల అది దుఃఖము. ఊరంతయు ఏడ్చెను, కాని ఎవరును దోషులు కారు. అదే ఊరిలో నేడు నాలుగు కార్లు నాలుగు వాకిళ్ళలో గుడ్డలు కప్పుకొని నిద్రించుచుండగా, అర్ధరాత్రి వేళ ఎవరిని లేపవలెనో తెలియక, లేపినను తలుపు తీయువారు లేక, ఆ తల్లి చనిపోయినయెడల అది దుఃఖము మాత్రమే కాదు, అది పాపము. అప్పుడు చేయలేనిది ఇప్పుడు చేయగలము గనుక పాపము. ఎక్కువ అప్పగింపబడిన వానియొద్ద ఎక్కువగా అడుగుదురని మన ప్రభువు హెచ్చరించెను గదా. ఎద్దుబండి గలవానికి పొరుగువాడు తన వీధివాడు. కారు గలవానికి పొరుగువాడు అరగంటలో చేరదగిన ప్రతివాడును. బండి మన దారిని కురుచ చేసెను. అది చేయుటవలన మన పొరుగును పెద్దది చేసెను. మనమైతే దారి కురుచయైనందుకు స్తోత్రము చెల్లించుచు, పొరుగు పెరిగిన సంగతిని మరచుచున్నాము.

రెండవ సంగతి. నడచువాడు దారిలో పదిమందిని చూచును. పదిమంది ముఖములు అతనికి గుర్తుండును. బండి మీద పోవువాడు వేయిమందిని దాటును. ఒకని ముఖమైనను గుర్తుండదు. వేగము మన కన్నులకు ఒక గంత కట్టును. యాజకుడును లేవీయుడును కాలినడకన పోయిరో, పశువుల మీద పోయిరో లూకా చెప్పలేదు. వారు చూచిరని మాత్రము చెప్పెను. మనకైతే "నేను చూడలేదు" అని చెప్పుకొనుటకు వీలు కలదు. గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగముతో పోవువాడు నిజముగానే చూడడు. ఆ వేగమును కోరుకొన్నది ఎవరు? తానే గదా! కన్నులు మూసికొని నడచినవాడు "గోతిలో పడినవానిని నేను చూడలేదు" అనిన, దేవుని న్యాయపీఠము ఎదుట ఆ మాట నిలుచునా?

మన ప్రభువును చూడుడి. మార్కు సువార్త 5వ అధ్యాయములో యాయీరు కుమార్తె చావు బ్రదుకుల మధ్య ఉన్నది. తండ్రి కాళ్ళమీద పడి బ్రతిమాలుకొనుచున్నాడు. అంతకంటె త్వరపడవలసిన ప్రయాణము ఉండునా? అయినను దారిలో పండ్రెండేండ్ల రోగముతో ఉన్న ఒక స్త్రీ ఆయన వస్త్రమును తాకగా ఆయన ఆగెను. ఆమె ఎవరని వెదకెను. ఆమె చెప్పుకొన్నదంతయు వినెను. యాయీరు గుండె ఎంత కొట్టుకొనెనో! శిష్యులు విసుగుకొనిరి. ఆయన మాత్రము త్వరపడలేదు. ఇద్దరు కుమార్తెలును బ్రదికిరి. యెరికో దగ్గర గ్రుడ్డివాడైన బర్తిమయి కేక వేసినప్పుడును ఆయన నిలిచెను. మనము పూజించు దేవుడు దారిలో ఆగు దేవుడు.

ఇప్పుడు నా సంగతి చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది. చెప్పకపోయిన ఈ వ్యాసము అబద్ధమగును.

కొన్ని సంవత్సరముల క్రిందట, క్రిస్మసుకు ముందు దినములు. ముదిగొండ అవతల ఒక పల్లెలో రాత్రి కూటము. నేనే ప్రసంగీకుడను. పగటి పనుల వలన ఆలస్యమైనది. సంఘపెద్ద రెండుసార్లు ఫోను చేసెను. జనము కూర్చుండియున్నారు, పాటలు అయిపోవచ్చినవి. నేను కారును వేగముగా పోనిచ్చుచుంటిని. రోడ్డుకు ఒక ప్రక్క రైతులు వడ్లు ఆరబోసి, వాటి అంచున రాళ్ళు పెట్టియుండిరి. ఒక మలుపులో నా లైటు వెలుగు రోడ్డు ప్రక్క పడియున్న మోటారు సైకిలు మీదను, దానికి కొంచెము దూరమున ఒక మనుష్యుని మీదను పడెను. అతడు చేయి ఎత్తెనో, ఎత్తినట్లు నాకు తోచెనో. ఒక్క క్షణము. ఆ క్షణములో నా మనస్సు ఎన్ని మాటలు చెప్పెనో చూడుడి: త్రాగి పడియుండును, వెనుక వచ్చువారు చూతురు, పోలీసు కేసు అగును, జనము కనిపెట్టుకొని ఉన్నారు, దేవుని పని ఆలస్యము చేయరాదు. ఈ చివరి మాటయే నన్ను ముందుకు త్రోసెను. దేవుని పేరే నా కాలిని బ్రేకు మీద పడనియ్యలేదు.

కూటములో ప్రసంగించితిని. దేవుడు పరలోకము విడిచి మన యొద్దకు దిగివచ్చెనని ప్రసంగించితిని. తిరిగి వచ్చునప్పుడు ఆ మలుపులో బండి నెమ్మది చేసితిని. ఎవరును లేరు. ఒక చెప్పు మాత్రము వడ్ల కుప్ప దగ్గర పడియుండెను.

నిద్ర పట్టలేదు. రెండు దినములు విచారించి అతడు ఖమ్మములో ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసికొంటిని. మిరప తోటలలో కూలి చేసికొనువాడు, ఇద్దరు పిల్లల తండ్రి. కాలి ఎముక రెండు చోట్ల విరిగెను. చీకటిలో ఆ రాళ్ళు కనబడక వాటికి తగులుకొని పడెనట. పత్తి బస్తాలు మార్కెట్టుకు వేసికొని పోవుచున్న ఒక ట్రాలీ ఆటో డ్రైవరు ఆగి, చోటు చాలక రెండు బస్తాలు రోడ్డు ప్రక్క దించి, అతనిని పడుకొనబెట్టి ఆసుపత్రికి చేర్చెను. తెల్లవారి వచ్చి చూచునప్పటికి ఆ బస్తాలు లేవట. ఆ డ్రైవరు మన సంఘస్థుడు కాడు, ఏ సంఘస్థుడును కాడు.

నేను మంచము ప్రక్క కూర్చుండి ప్రార్థన చేసితిని. పిమ్మట ఆ కూలివాడు, ఎవరిమీదను కోపము లేకుండ, "ఆటో రాకముందు ఒక కారు లైటు నా మీద పడిందయ్యగారూ. ఆగుద్దనుకున్నా" అనెను.

ఆ దినమున నోరు మెదపలేక ఇంటికి వచ్చితిని. మూడవ దినమున మరల పోయి, "ఆ కారు నాదే నాయనా" అని చెప్పితిని. అతడు చాలసేపు ఇంటి కప్పు వైపు చూచెను. తరువాత, "ఆ రోజు మీటింగులో ఏం చెప్పారయ్యగారూ?" అని అడిగెను. ఎత్తిపొడుపు కాదు, నిజముగా తెలిసికొన గోరి అడిగెను. నా వద్ద ఉత్తరము లేకపోయెను. నేటికిని ప్రసంగము సిద్ధపరచుకొన్న ప్రతి శనివారము ఆ ప్రశ్న నా యెదుటికి వచ్చుచున్నది.

చదువరులారా, ఆ రాత్రి నా మనస్సు చెప్పిన సాకులే రేపు మీ మనస్సును చెప్పును. కావున వాటికి ముందుగానే జవాబు సిద్ధపరచుకొనుడి.

"పోలీసు కేసులో చిక్కుకొందును" అను భయము మొదటిది. ఈ భయము ఒకప్పుడు నిరాధారమైనది కాదు. అయితే గాయపడినవారికి సహాయము చేయువారిని వేధింపరాదన్న నియమములకు సుప్రీముకోర్టు 2016 మార్చిలో బలమిచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134ఎ అను సెక్షను చేర్చిరి. ప్రతిఫలము కోరక మంచి మనస్సుతో సహాయము చేసినవానిపై కేసు ఉండరాదని ఆ సెక్షను చెప్పుచున్నది. ఆ చట్టములో ఇంగ్లీషున అట్టివానికి పెట్టిన పేరే మంచి సమరయుడు! పార్లమెంటు మన ప్రభువు ఉపమానమును చట్టములో వ్రాసికొనెను. మనము దానిని సండేస్కూలులోనే విడిచిపెట్టితిమి.

"నాకు వైద్యము తెలియదు" అనుట రెండవది. తెలియనక్కరలేదు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలినవానిని తొందరపడి ఎత్తి లాగుట కీడు చేయును. 108కి ఫోను చేయుడి. రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డ అదిమిపెట్టుడి. వెనుక వచ్చు బండ్లు అతనిమీదికి రాకుండ లైటు వేసి నిలువుడి. అంబులెన్సు వచ్చువరకు ప్రక్కన కూర్చుండి పేరు పిలుచుచుండుడి. దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంట ప్రాణమునకు మూలమైన గంట. ఆ గంటలో ప్రక్కన ఒక మనుష్యుడు ఉండుట సగము మందు. దిగుట అనగా మోసికొనిపోవుట మాత్రమే కాదు. ఆగి తోడుండుటయు దిగుటయే.

"సీటు పాడగును, డీజిలు ఖర్చగును" అనుట మూడవది. దీనికి నేను జవాబు వ్రాయను. సమరయుడు చెల్లించిన రెండు దేనారములు వ్రాయును.

అయితే గాయపడినవానిని చూచి ఆగుట ఎంత ముఖ్యమో, గాయపరచకుండుట అంతకంటె ముఖ్యము. 2022వ సంవత్సరములో మన దేశపు రోడ్లమీద చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వమువారి లెక్క. దినమునకు 460 మందికి పైగా. ఆ మరణములలో నూటికి 70కి మించినవి అతివేగము వలన కలిగినవే. హెల్మెట్ లేక చనిపోయినవారే 50,029 మంది. నరహత్య చేయరాదన్న ఆజ్ఞ కత్తి పట్టినవానికే గాక హేండిలు పట్టినవానికిని చెందును. త్రాగి బండి నడుపువాడు, ఎవరును చావకపోయినను, ఆ ఆజ్ఞను అప్పటికే మీరినవాడు. పదునాలుగేండ్ల కుమారునికి ముద్దుగా తాళము ఇచ్చు తండ్రి ప్రేమించువాడు కాడు. రాజుల రెండవ గ్రంథములో యెహూ వెఱ్ఱివానివలె రథము తోలువాడని కావలివాడు దూరము నుండియే గుర్తుపట్టెను. మన బిడ్డలను కూడ ఊరివారు వారి ప్రార్థనను బట్టి గాక బండి చప్పుడును బట్టి గుర్తుపట్టుట మనకు ఘనతయా?

మిరప ఏరుటకు, పత్తి తీయుటకు పోవు మన అక్కచెల్లెండ్రను ఆటోలలో ఎట్లు కుక్కుచున్నారో మీరు చూచుచున్నారు. డ్రైవరుకు ఇటు అటు ఇద్దరు, వెనుక వ్రేలాడు కాళ్ళు. ముఠాలు కట్టు మేస్త్రీలలోను ఆటో యజమానులలోను మన సంఘస్థులు ఉన్నారు. సహోదరులారా, రెండవ ట్రిప్పు వేయుటకు మీకు అరగంట పట్టును. ఆ అరగంటను దేవునికి అర్పణగా ఎంచుడి. రోడ్డుమీద వడ్లు ఆరబోసి రాళ్ళు పేర్చు రైతు సహోదరులారా, కల్లము చాలదని నేనెరుగుదును. అయినను చీకటి పడక మునుపు ఆ రాళ్ళు తీసివేయుడి. ఆ కూలివాని కాలు విరిగిన రాయి ఎవని చేతిదో దేవుడెరుగును. ఆ రైతును, ఆగని నన్ను ఆయన ఒకే వరుసలో నిలువబెట్టునేమో.

పెండ్లి మాటలలో బండి పేరెత్తు తలిదండ్రులతో ఒక్క మాట. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి కొన్న మోటారు సైకిలు మీద మీ కుమారుడు గుడికి వచ్చినప్పుడు నేను వందనము చెప్పుదును గాని సంతోషింపలేను. జయముతో పట్టణము ప్రవేశించిన మన రాజునకు సొంత వాహనము లేదు; ఎరవు తెచ్చిన గాడిద పిల్ల మీద వచ్చెను. ఆయన శిష్యులమైన మనకు ఎరవు తెచ్చిన గొప్ప ఎందుకు?

కడపట ఒక మనవి. మీ మందిరపు గోడమీద కానుకలు ఇచ్చినవారి పేర్లు చలువరాతి మీద చెక్కియుందురు. దాని ప్రక్కన ఒక చిన్న పలక వ్రేలాడదీయుడి. రాత్రివేళ ఆపద వచ్చినప్పుడు తలుపు తట్టదగిన బండిగలవారి పేర్లు, ఫోను నంబర్లు దానిమీద వ్రాయుడి. సోమవారము ఒకరు, మంగళవారము ఒకరు. క్రైస్తవుల కొరకు మాత్రమే కాదు, ఊరిలో ఎవరికైనను. సమరయుడు కులము, మతము అడిగి ఎక్కించుకొనలేదు. నా పేరు శనివారము ఎదుట వ్రాసియున్నది. ప్రసంగమునకు సిద్ధపడు రాత్రియే లేపబడుట నాకు తగినదని ఆ దినమును నేనే కోరుకొంటిని.

క్రొత్త బండ్లమీద నేను నేటికిని చేయి ఉంచి ప్రార్థించుచునే ఉన్నాను. దీనిని నడుపువారికి అపాయము రాకూడదని అడిగిన తరువాత, దీనివలన ఎవరికిని అపాయము రాకూడదని అడుగుదును. ఆ తరువాత తాళపు చెవిని యజమాని చేతిలో పెట్టి, "దారిలో ఎవరైన పడియుండగా చూచిన దిగుదువా?" అని అడుగుదును. భార్యాబిడ్డల యెదుట అతడు "దిగుదును" అని చెప్పిన పిమ్మటనే ఆమేన్ అందును.

మన కొరకు దిగివచ్చిన ప్రభువు, దిగుటకు తగిన కాళ్ళను, చూచుటకు తగిన కన్నులను మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.